ఫ్యాను రెక్కల మీద పేర్లు

డిసెంబరు వచ్చిందంటే మా గుళ్లో ఫ్యాన్లు ఆగిపోతాయి. గుంటూరు జిల్లాలో చలి అంత చెప్పుకోదగ్గదేం కాదు గానీ, పొద్దున ఆరింటి పూజకి తలుపులు తీయగానే పత్తి చేల మీది మంచు లోపలికొస్తుంది, ముందు వరసల్లో ముసలివాళ్లు దగ్గడం మొదలుపెడతారు, ఉపదేశి గారు వెళ్లి స్విచ్చులన్నీ కట్టేస్తారు. మిగతా ఏడాదంతా గిరగిరా తిరుగుతూ ఒక్క అక్షరం కూడా చదవనివ్వని రెక్కలు క్రిస్మస్‌కి ముందొచ్చే ఆగమన కాలంలో కదలకుండా కనబడతాయి. ఎర్ర పెయింటుతో ఒక రెక్క మీద పేరు, ఇంకో రెక్క మీద ఊరు, మూడోదాని మీద 'జ్ఞాపకార్థం'. రాసినవాడు షాపు బోర్డులు రాసేవాడే అయ్యుండాలి, ఇంటిపేరు పక్కన చుక్కకి బదులు చిన్న పువ్వు వేశాడు. కింద చూస్తే పీఠం మీద ఊదా గుడ్డ, గురువుల ఒంటి మీద ఊదా వస్త్రాలు, మహిమ గీతం పాడరు, పూలు తగ్గిస్తారు. నాలుగు ఆదివారాలు గుడి గుడంతా కాస్త తగ్గి ఉండే కాలం. సరిగ్గా ఆ కాలంలోనే తలెత్తితే దాతల పేర్లు ఇంతింత అక్షరాల్లో. ప్రసంగం నడుస్తుంటే నేను వాటిని చదువుతూ కూర్చుంటాను. చదవకూడదనుకుంటూనే చదువుతాను.

ఫ్యాన్లొక్కటే అయితే సరే. బల్లల వీపుల మీద పేర్లు, సిలువ మార్గం పటాల కింద పేర్లు, సౌండు బాక్సుల మీద పేర్లు, కుళాయి గట్టుకి నల్లరాతి పలక. క్రిస్మస్ పశువుల పాక దగ్గర పెట్టిన సిమెంటు గొర్రెలకు కూడా ఒక దాత ఉన్నాడు, ఆయన మాత్రం తన పేరు గొర్రె పొట్ట కింద రాయించాడు, వంగి చూస్తే గానీ కనిపించదు. అది నాకు నచ్చింది. అయినా ఇందులో తప్పేముంది? పేరు రాయకపోతే గాలి ఇంకాస్త చల్లగా వస్తుందా? మా విచారణలోనే, అంటే ఈ గుడి కింది ఊళ్లలోనే, పెళ్లయిన ఏడాదికే కూతురు పోయిన తండ్రి ఒకాయన ఉన్నాడు. ఆ అమ్మాయి పేరు రేషను కార్డులోంచి తీసేశారు, ఓటర్ల జాబితాలోంచి తీసేశారు. మిగిలింది ఎడమవైపు ఫ్యాను. ఆయన ఎప్పుడూ దాని కిందే కూర్చుంటాడు. ఎండాకాలం పూజ మధ్యలో కరెంటు పోతే అందరూ విసుక్కుంటారు, ఆయన పైకి చూస్తాడు. అలాంటి పేరుని ఆడంబరం అనడానికి నాకు నోరు రాదు. మరి నా గొడవ దేనితో? ఈ పేర్లతో కాదేమో, ఈ గుళ్లో ఇంకెక్కడో వినబడే వేరే పేర్లతోనేమో అని అనుమానం మొదలైంది ఈమధ్యే.

ఆగమన కాలం మొదలయ్యే ముందు వారం, సోమవారం నాటి పూజలో లూకా సువార్తలోంచి బీద వితంతువు కథ చదువుతారు. యెరూషలేము దేవాలయంలో డబ్బున్నవాళ్లు కానుకలు వేస్తుంటే ఒక బీదరాలు రెండు చిన్న నాణేలు వేసిందనీ, అందరికంటే ఎక్కువ వేసింది ఆమేనని యేసు అన్నాడనీ. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్నదీ ఆయనే. ఆ వితంతువు పేరు సువార్తలో లేదు. కానుకల మీద నేను విన్న ప్రతి ప్రసంగంలోనూ ఆమె ఉంది, ఇన్ని శతాబ్దాలైనా పేరు మాత్రం లేదు. అయితే ఇక్కడ నాకో పేచీ ఉంది. ఉన్నదంతా వేసేశాక ఆ రాత్రి ఆమె ఏం తిన్నది? ఎవరైనా గిన్నెడు గంజి పోశారా? పోస్తే ఆమె ఎలా పుచ్చుకుంది? ఇస్తున్నప్పటి ఆమెను చూపించారు గానీ తీసుకుంటున్నప్పటి ఆమెను ఎవరూ చూపించలేదు. ఆ మాటకొస్తే మన పురాణాలూ అంతే. బలి ఇచ్చాడు, శిబి ఇచ్చాడు, కర్ణుడు ఇచ్చాడు. అడగడానికి వచ్చినవాళ్లంతా మారువేషాల్లో ఉన్న దేవుళ్లే, నిజంగా కడుపు కాలి వచ్చినవాడు ఒక్కడూ లేడు. కుచేలుడొక్కడే అసలైన పేదవాడు, అతనేమో ద్వారక దాకా వెళ్లి నోరు విప్పలేకపోయాడు.

డిసెంబరు 6 పునీత నికోలాసు పండుగ. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న మైరా పట్నానికి పీఠాధిపతి ఆయన. ఆస్తి పోగొట్టుకున్న ఒక తండ్రి, కట్నాలివ్వలేక ముగ్గురు కూతుళ్లనూ అమ్ముకునే స్థితికి వచ్చాడట. నికోలాసు రాత్రిపూట వాళ్ల కిటికీలోంచి బంగారం మూట విసిరాడు, ఒక్కో పిల్లకి ఒక్కో మూట. మూడోసారి తండ్రి కాపు కాసి పట్టుకుంటే, నా పేరు ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నాడు. జ్ఞానోపదేశం క్లాసులో ఈ కథ విన్నప్పుడు వెనక బల్లవాడొకడు, కట్నం అడగనివాణ్ణి వెతకొచ్చు కదండీ అన్నాడు, వాడికి బెత్తం దెబ్బ పడింది. అడగవలసిన ప్రశ్నే. దాని సంగతి అలా ఉంచి చూస్తే, దాచమన్న నికోలాసు పేరు దాగలేదు, సాంతా క్లాజై కూల్‌డ్రింకుల ప్రకటనల దాకా ఎక్కింది. దాగినవి ఆ ముగ్గురు ఆడపిల్లల పేర్లు. వాళ్లు ఎవరింటికి కోడళ్లయ్యారో, ఈ బంగారం ఎక్కడిదని అత్తలు ఆరా తీశారో లేదో, ఏమీ తెలియదు. ఆ చీకటి ఇచ్చినవాడి వినయం కోసమని ఫాదర్లు చెబుతారు. నాకేమో పుచ్చుకున్నవాళ్ల మర్యాద కోసమేమో అనిపిస్తుంది. పట్టపగలు వాకిట్లోకెళ్లి ఇచ్చి ఉంటే నికోలాసుకి నాలుగు పొగడ్తలు ఎక్కువ దక్కేవి, అంతే. ఆ పిల్లలు మాత్రం ఊళ్లో తలెత్తుకుని తిరగలేకపోయేవాళ్లు.

ఇది నన్నెందుకు ఇంతగా పట్టుకుందో చెప్పాలంటే బోర్డింగు సంగతి చెప్పాలి. హైస్కూలు చదువంతా నేను ఒక మిషను బోర్డింగులో ఉండి చదివాను. మాలో చాలామందికి స్పాన్సర్లు ఉండేవాళ్లు. నాకు ఇటలీలో ఒక ఆంటీ. ఆమె పంపే డబ్బుతోనే నా అన్నం, పుస్తకాలు, ఏడాదికి రెండు జతల బట్టలు. క్రిస్మస్ నాటికి మా ఉత్తరం అక్కడికి చేరాలంటే నవంబరు ఆఖర్లోనే రాసెయ్యాలి గనక మా ఆగమన కాలం ఉత్తరంతోనే మొదలయ్యేది. రాత్రి చదువు గంటలో బ్రదర్ గారు నల్లబల్ల మీద ఇంగ్లీషులో ఉత్తరం రాసేవారు. నేను బాగున్నాను, బాగా చదువుతున్నాను, మీకోసం రోజూ ప్రార్థిస్తున్నాను, మీకు క్రిస్మస్ శుభాకాంక్షలు. మేం నింపాల్సిన ఖాళీలు పేరూ తరగతీ. లెక్కల్లో తప్పినవాడు కూడా బాగా చదువుతున్నట్టే రాసేవాడు. కింద ఒక బొమ్మ వెయ్యాలి, కొబ్బరిచెట్టో నక్షత్రమో. నేను రైలింజను వేస్తానంటే ఒప్పుకోలేదు, ఇటలీవాళ్లకి రైలు కొత్తా ఏమిట్రా అన్నారు.

ఉత్తరంతో పాటు ఫోటో వెళ్లాలి. బోర్డింగు మొత్తానికీ మంచి చొక్కా ఒకటుండేది, లేత నీలం మీద తెల్ల గళ్లు. ఒకడి తర్వాత ఒకడం అదే తొడుక్కుని సున్నం గోడ ముందు నిలబడేవాళ్లం. సన్నగా ఉన్నవాళ్లకి వీపు వైపు బట్టల క్లిప్పులు పెట్టి బిగించేవారు, ముందునుంచి చూస్తే కొలిచి కుట్టినట్టే ఉండేది. నా వంతు వచ్చేసరికి ముందువాడి ఒంటి వేడి ఇంకా చొక్కాలోనే ఉండేది, చంకల కింద తడి. వేర్వేరు ఊళ్లలో వేర్వేరు ఇళ్ల గోడల మీద అదే చొక్కా వేసుకున్న నల్లటి పిల్లలు నవ్వుతూ వేలాడుతుంటారని అప్పట్లో మాకు తట్టలేదు. ఆ ఆంటీలు ఎప్పుడైనా ఒకచోట కలిసి ఫోటోలు పోల్చుకుని ఉంటే! జనవరిలో జవాబు వచ్చేది. మంచు కప్పుకున్న ఇళ్ల బొమ్మ, లోపల నాకు తెలియని భాషలో నాలుగు వాక్యాలు, కాగితానికి ఏదో సబ్బు వాసన. ట్రంకు పెట్టె అడుగున దాచుకునేవాణ్ణి. అది కృతజ్ఞతేనా? అవును, ఉంది. అవమానమా? అనలేను, కాదని గట్టిగానూ అనలేను. ఆమె నా ముఖం చూసింది, నేను ఆమె ముఖం ఎన్నడూ చూడలేదు. ఎంతసేపూ నన్ను కలవరపెట్టింది ఇదే. కలిగినావిడ అయ్యుంటుందనే చాలాకాలం ఊహించుకున్నాను. పింఛను డబ్బులోంచి నెలనెలా కొంత పక్కన పెట్టి పంపిన ముసలావిడ ఎందుకు కాకూడదు? మేం చేసే ప్రార్థన ఆవిడకి నిజంగానే కావాల్సి ఉందేమో. నల్లబల్ల మీద చూసి రాసిన ఉత్తరంలో అడిగే వీల్లేదు.

మా నాయనమ్మ కాలంలో ఉత్తరాలూ ఫోటోలూ లేవు, సంచులు ఉండేవి. అమెరికా 1954లో తెచ్చిన పీఎల్ 480 చట్టం కింద గోధుమలు, పాలపొడి, నూనె మన దేశానికి ఓడల్లో వచ్చేవి. కాథలిక్ రిలీఫ్ సర్వీసెస్ అన్న అమెరికా కతోలికుల సంస్థ 1946 నుంచీ ఇక్కడ ఉంది, ఆ సరుకులో కొంత దాని ద్వారా విచారణ గిడ్డంగుల దాకా చేరేది. సంచి మీద ఒకదాన్నొకటి పట్టుకున్న రెండు చేతుల బొమ్మ, ఇది అమెరికా ప్రజలు ఇచ్చిందనీ అమ్మకూడదనీ ఇంగ్లీషులో. ఆ గుడ్డతో నాయనమ్మ తలగడ గలీబులు కుట్టింది, మా నాన్నకి లాగులు కుట్టింది. చేతుల బొమ్మ సరిగ్గా వెనకవైపు వచ్చిందనీ, బళ్లో కూర్చున్నంతసేపూ అమెరికా తన్ను మోసిందనీ నాన్న నవ్వేవాడు. ఫ్యాను మీద పేరుకీ సంచి మీద పేరుకీ పెద్ద తేడా ఏముంది గనక! తేడా ఒక్కటే, ఫ్యానుని ఎవరూ తొడుక్కోనక్కర్లేదు.

పాలపొడి క్రైస్తవులు అన్న ఎత్తిపొడుపు నేనూ చిన్నప్పుడు విన్నాను. అన్నవాళ్లు ఎన్నడూ ఖాళీ కుండ చూసినవాళ్లు కారు. పొయ్యి వెలగని ఇంట్లో పాలపొడి ఎవరిస్తే మాత్రం ఏమిటి? కానీ ఆ మాటలో ఉన్న అనుమానం ఊరికే పుట్టింది కాదని తెలిసిందీ చదువుకున్నాకే. 1876–78 కరువులో ఒంగోలు దగ్గర జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చిన జనానికి పని చూపించి కూలి ఇప్పించాడు. కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మం ఇవ్వనన్నాడు. సాయం ఆపేశాక కూడా జనం వచ్చారు, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది. ఆయన కతోలికుడు కాడు గనక మా వాళ్లు ఆయన పేరెత్తరు. నేనెత్తుతాను. గంజి పోసే చేయికీ ప్రార్థించే నోటికీ మధ్య కాస్త ఎడం ఉండాలని పట్టుబట్టిన మనిషి ఆయన. ఆ ఎడం సరిపోయిందా అంటే నేను చెప్పలేను, చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

మళ్లీ గుళ్లోకి వస్తాను. పీఠం పక్కన ఆకుల చక్రంలో నాలుగు కొవ్వొత్తులు, మూడు ఊదా, ఒకటి గులాబీ రంగు. ఆదివారానికొకటి చొప్పున వెలిగిస్తారు. మా గుళ్లో ఆకులు ప్లాస్టిక్కువి, ఏటా దులిపి పెడతారు. దీని పుట్టుక ఏ మఠంలోనో అనుకునేవాణ్ణి. కాదు, అనాథల బడిలో. హాంబర్గులో విఖెర్న్ అనే లూథరన్ వేదాంతి 1833లో దిక్కులేని పిల్లలకోసం ఒక ఇల్లు తెరిచాడు. క్రిస్మస్ ఎప్పుడు, ఇంకా ఎన్ని రోజులు అని వాళ్లు వేధిస్తుంటే 1839లో పాత బండి చక్రానికి రోజుకొకటి లెక్కన కొవ్వొత్తులు గుచ్చి వేలాడదీశాడు. అంటే ఇది పుచ్చుకునేవాళ్ల కోసం పుట్టిన వస్తువు. ఎదురుచూడ్డం ఎలాగో వాళ్లకి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? చిత్రంగా అదే 1833లో పారిస్‌లో ఫ్రెడెరిక్ ఓజనాం అనే ఇరవై ఏళ్ల విద్యార్థి, మీ మతం పేదవాళ్లకి ఇప్పుడేం చేస్తోందని తోటి విద్యార్థులు నిలదీస్తే, కొందరు స్నేహితులతో కలిసి విన్సెంట్ డి పాల్ సభ మొదలుపెట్టాడు. పేదల్ని గుడి దగ్గరికి పిలిపించలేదు. రొజాలీ రాండ్యూ అనే మఠకన్య దారి చూపిస్తే మూఫ్తార్ వీధి ఇళ్ల మెట్లెక్కి తలుపులు తట్టారు. ఓజనాం తర్వాత సోర్బొన్‌లో ఆచార్యుడయ్యాడు, నలభై ఏళ్లకే పోయాడు, 1997లో ధన్యుడిగా ప్రకటించారు.

ఆ సభ శాఖ మా విచారణలోనూ ఉంది. అందులో నాకు బాగా నచ్చేది ఒకటుంది, రహస్య చందా. సమావేశం చివర ఒక గుడ్డ సంచి చేతులు మారుతుంది. ప్రతివాళ్లూ గుప్పిట మూసి లోపల పెట్టి, గుప్పిట తెరిచి తీస్తారు. ఐదొందల నోటు పెట్టిన చేయీ, ఏమీ పెట్టని చేయీ ఒకే తీరున లోపలికి వెళ్లి ఒకే తీరున బయటికొస్తాయి. మా సంచి ముదురు గోధుమ రంగు, మూతి దగ్గర తాడు, అడుగున ఎప్పుడో చిరిగితే కుట్టిన నల్లదారం. పొగాకు బారన్లో పనిచేసే ఒకాయన, పని దొరకని నెలల్లో కూడా అంతే శ్రద్ధగా గుప్పిట బిగించి పెడతాడు. అందులో ఏముందో నాకు తెలియదు, తెలియకూడదనే కదా ఆ సంచి. మా అమ్మ బియ్యం కడిగేముందు గుప్పెడు తీసి మూలనున్న కుండలో వేసేది, ఆదివారం గుడికి పట్టుకెళ్లేది. మిజోరాంలో ప్రెస్బిటేరియన్ ఆడవాళ్లు 1910 నుంచీ పూట పూటకీ ఇలాగే గుప్పెడు తీస్తూ, దానితో సంఘం పనులకి సాయపడుతున్నారు. అమ్మకి మిజోరాం ఎక్కడుందో తెలియదు. అయితే ఆ కుండలోంచి వచ్చిన బియ్యమే ఏదో ఒక ఏడు మళ్లీ మా ఇంటికి వచ్చి ఉంటాయని నా అనుమానం. అవి మావేనని పోల్చుకోవడం ఎలా?

ఇక జాబితా సంగతి. నా చేతిరాత కుదురుగా ఉంటుందని, పేద వితంతువులకు చీరలు, ముసలివాళ్లకు దుప్పట్లు ఇచ్చే జాబితా నాచేత రాయిస్తారు. నాలుగో ఆదివారం పూజ అయ్యాక ప్రకటనలప్పుడు మైకులో పేర్లు పిలుస్తారు. పిలిచినామె చెప్పులు గుమ్మంలో వదిలి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, మధ్యదారిన నడిచి వస్తుంది. విచారణ పెద్దలు వరసగా నిలబడి ఉంటారు, ఒకరిచ్చే చీరకి నలుగురి చేతులు తగులుతాయి. ఇటు చూడమ్మా అంటాడు ఫోటో అతను. ఆమె చీర వైపు చూడాలా, ఫాదర్ గారి వైపా, కెమెరా వైపా తేల్చుకోలేక మూడింటి మధ్యా ఎక్కడో చూస్తుంది. నాకు గళ్ల చొక్కా గుర్తొస్తుంది. పోప్ ఫ్రాన్సిస్ పదేపదే ఒకటి అడిగేవారు, దానం చేసేటప్పుడు ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తున్నారా, చేయి తగలనిస్తున్నారా అని. మాకు చేతులైతే తగులుతున్నాయి, నాలుగేసి.

ఒక ఆదివారం ఆ జాబితా చేతిలో పెట్టుకుని పైకి చూశాను. రెక్కల మీది ఇంటిపేర్లూ నా కాగితం మీది ఇంటిపేర్లూ ఒక్కటంటే ఒక్కటి కలవలేదు. నాకు తెలియనిది కాదు, అలా పక్కపక్కన ఎప్పుడూ చదవలేదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి జెస్విట్ గురువుల కాలంలో కతోలికులైన రెడ్లూ కమ్మలూ, ఆ తర్వాత మిల్‌హిల్ మిషనరీ సంఘం గురువుల కాలంలో చేరిన మాల మాదిగ పల్లెలూ ఒకే గుళ్లో ఒకే సత్ప్రసాదం తీసుకుంటున్నాం. ఫ్యాన్లు ఒకవైపు నుంచి వస్తాయి, చీరలు ఇంకోవైపుకి వెళతాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు, మన రాష్ట్రంలో బీసీ-సీ. కాగితం మీద కులం మారుతుంది, జాబితాలో వరస మారదు. అప్పటి కర్నూలు జిల్లా చిందుకూరులో పుట్టిన పూల అంతోని గారు 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలో తొలి కార్డినల్, దళితుల్లోనూ తొలి కార్డినల్. ఆ రోజు మా పల్లెలో టపాకాయలు కాల్చారు. డిసెంబరులో జాబితా మళ్లీ నేనే రాశాను, పేర్లు అవే.

డిసెంబరు 7 మిలాను పీఠాధిపతి పునీత అంబ్రోసు పండుగ, అదీ ఆగమన కాలంలోనే పడుతుంది. యుద్ధంలో చెరపట్టిన మనుషుల్ని విడిపించడానికి ఆయన గుడి పాత్రలు కరిగించి అమ్మేశాడు, అన్నవాళ్లు అన్నారు, లెక్కచెయ్యలేదు. పేదవాడికి నీ సొత్తు ఇవ్వడం లేదు, అతనిది అతనికి తిరిగిస్తున్నావు అన్నది ఆయన వాదన. ఈ మాటనే 1967లో ఆరో పౌలు పోపు తన విశ్వలేఖలో ఎత్తి చూపారు. పునీత బసీలు ఇంకా కటువుగా, పెట్టెలో మూలుగుతున్న అంగీ బట్టలేనివాడిదే అన్నాడు. ఇదే నిజమైతే మా నాలుగో ఆదివారం తలకిందులైపోవాలి. అప్పు తీర్చేవాడు ఫోటో దిగుతాడా? బాకీ రాబట్టుకోవడానికి వచ్చినావిడ కొంగు కప్పుకుని తలవంచుకుని నడుస్తుందా? విచారణ పాలకమండలిలో ఈ మాట అంటే ఒక పెద్దాయన, నిజమే గానీ ఆ లెక్కన ఎవడూ చందా రాయడు అన్నాడు. ఆయన అన్నదీ తీసేసేది కాదు. పొగడ్త కాస్త కలిస్తేనే డబ్బు కదులుతుందంటే, కదిలిన డబ్బుతో ఒకామెకి చలి ఆగుతుందంటే, నా సున్నితత్వాలు ఎవరిక్కావాలి?

మాకు ఆగమన కాలం సగం గడిచేసరికి ఊళ్లో ధనుర్మాసం పడుతుంది. రాత్రి పదకొండింటికి మా క్యారల్సు బృందం డప్పు, నక్షత్రం పట్టుకుని ఇంటింటికీ వెళ్లి పాడి చందా డబ్బా చాపుతుంది. తెల్లారకుండానే అదే వీధిలో హరిదాసు వస్తాడు. ఒక చేతిలో చిడతలు, భుజాన తంబుర, నెత్తి మీద అక్షయపాత్ర. చేయి చాపే వీలే లేదతనికి, రెండు చేతులకీ పని ఉంది. ఇది ఇవ్వండని అనడు, పాడుకుంటూ వస్తాడు. పిల్లలు దోసిట్లో బియ్యం తెస్తే వాళ్లకి అందేలా వంగుతాడు, పోయించుకుంటాడు, పాట ఆపకుండా ముందుకెళతాడు. చూస్తున్నవాళ్లకి ఎవరు ఎవరికి ఉపకారం చేశారో తేలదు. మా బోర్డింగు ఉత్తరంలో ఇలాంటిదేదో ఉండాల్సింది. రైలింజను వెయ్యనిచ్చినా సరిపోయేదేమో.

ఇప్పుడు ఆ ఉత్తరాలు పల్చబడిపోయాయి. విదేశీ విరాళాల చట్టం 2010లో కొత్తగా వచ్చింది, 2020 సవరణతో బయటి డబ్బు ఏదైనా ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోకే రావాలన్నారు, నిబంధనలు బిగిశాయి. డబ్బు పంపే ముసలావిళ్లు కూడా ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. మరోవైపు మన తెలుగు ఫాదర్లు అమెరికాలో, జర్మనీలో, ఇటలీలో గురువులు చాలని విచారణలు నడుపుతున్నారు. నా స్పాన్సరు ఆంటీకి ఆఖరి అభ్యంగనం ఇచ్చినాయన మా పక్క ఊరివాడై ఉండొచ్చు. మొత్తానికి ఇప్పుడు మా చీరల డబ్బు మేమే వేసుకోవాలి. అది మంచికే అనుకుంటాను. దూరాన్నుంచి వచ్చేది ఎంత దయగా వచ్చినా ఎదురుతిరిగి ఒక మాట అనడానికి మనిషి కనబడడు, ఊళ్లోవాడైతే కనబడతాడు.

మొన్న రెండో ఆదివారం పాలకమండలి కూర్చున్నప్పుడు, ఈసారి మైకులో పేర్లు వద్దు, ఫోటోలు వద్దు, సభవాళ్లం ఇద్దరేసి చొప్పున రాత్రిళ్లు ఇళ్లకెళ్లి ఇచ్చొద్దాం అన్నాను. నికోలాసు కథ కూడా చెప్పాను. ఫాదర్ గారు తలూపారు. ఇద్దరు ముగ్గురు సణిగారు గానీ ఎవరూ కాదనలేదు. గుడి ఊడ్చే పెద్దమ్మ గుమ్మం దగ్గర చీపురానించుకుని వింటోంది. ఆమె పేరు ఏటా నా జాబితాలో మొదటి పదిలో ఉంటుంది.

"ఏం నాయనా, దొంగసొమ్ము తెచ్చినట్టు రాత్రిపూట తెచ్చి నా గుమ్మంలో పడేస్తారా?" అంది. "నేనేం తప్పు చేశాననీ? ఏడాది పొడుగునా ఈ గుడి ఊడుస్తాను, నా పేరు మైకులో వినపడేది ఆ ఒక్కనాడే. మా ఆయన పేరు కూడా కలిపి పిలవండి. ఇంటిపేరు సరిగ్గా చదవండి, పోయినేడు మింగేశారు."

ఫోటోనో పెద్దమ్మా అన్నాను.

"తీసుకోండి. నాకో కాపీ ఇయ్యండి."

ఫాదర్ గారు నవ్వాపుకుంటూ నా వైపు చూశారు. నేను ఆమె తరఫున ఇంతసేపు మాట్లాడాను, ఆమె ఉండగానే. ఆమెతో పాటు జాబితాలో ఉన్న ఇంకో ఇద్దరు మాత్రం నన్ను పక్కకి పిలిచి, మాకైతే ఇంటికే తెచ్చియ్యి అయ్యా, కోడలు చూస్తుంది అన్నారు. అందరికీ ఒకే పద్ధతి కుదరదని అప్పటికి తేలింది. కాగితం మీద పేర్ల పక్కన గుడి, ఇల్లు అని రెండు గడులు గీశాను.

పెద్దమ్మ ఇంకా కదల్లేదు. అసలు గొడవ అది కాదంది. పోయినేడు ఇచ్చిన చీర రెండు ఉతుకులకే రంగు దిగిందట, పొట్టి కూడానట, కుచ్చిళ్లు చాలలేదట. చీరలు కొనడానికి మగాళ్లు నలుగురు వెళితే అలాగే ఉంటుంది, ఈసారి నేనూ వస్తానంది. శనివారం చీరాల వెళ్లడానికి ఆటో మాట్లాడాం. చీరకి ఇంతకు మించి పెట్టలేం పెద్దమ్మా అని ముందే అంకె చెప్పాను. "బేరం నేనాడతాలే," అంది, "నువ్వు డబ్బు సంచి పట్టుకుని వెనక నిలబడు."